కుందేలు కొనిపెట్టిన కొండలు

ఇంగ్లండు దేశపు వాయవ్య భాగంలో సరస్సుల సీమ అని ఒక ప్రాంతం ఉన్నది. పచ్చని కొండలు, వాటి నడుమ పొడవైన సరస్సులు, నల్లరాతి గోడలతో కట్టిన చిన్న చిన్న పల్లెలు, ఇదీ ఆ సీమ స్వరూపం. మాంచెస్టరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముని యింటికి వెళ్లినప్పుడు ఒకనాడు కుటుంబ సమేతంగా అక్కడికి ప్రయాణమైనాము. పిల్లల కోరిక మీదనే ఆ ప్రయాణం. నీలిరంగు కోటు తొడుక్కొన్న పీటర్ రాబిట్ అనే కుందేలు కథ వారికి కంఠస్థం. ఆ కుందేలు పుట్టిన చోటు చూపిస్తానని నేను మాట యిచ్చి ఉన్నాను.

విండర్‌మియర్ సరస్సు తూర్పు గట్టున బౌనెస్ అనే ఊరున్నది. అక్కడ 1991లో తెరచిన ఒక ప్రదర్శనశాలలో ఆ కథలలోని దృశ్యాలన్నిటినీ బొమ్మలుగా మలచి పెట్టినారు. దీపాల వెలుగులో కుందేళ్లు, బాతులు, పిల్లులు, ముళ్లపందులు నిలబడి ఉంటే మా ఆరేళ్ల అబ్బాయి చప్పట్లు కొట్టి గంతులు వేసినాడు. అంతవరకు బాగానే ఉన్నది. మధ్యాహ్నం సరస్సు దాటి ఆవలి గట్టుకు వెళ్లినాము. ఇనుప తీగల సాయంతో నడిచే పంటు ఒకటి మనుషులనూ మోటారు కార్లనూ అటూ యిటూ చేరవేస్తుంది. అక్కడినుంచి ఇరుకైన దారిన రెండు మైళ్లు పోతే నియర్ సారీ అనే పల్లె. ఆ పల్లెలోనిదే హిల్ టాప్ అనే పాత కమతపు ఇల్లు. ఇల్లు చిన్నది కనుక ఏ వేళకు ఎందరిని లోపలికి పంపవలెనో లెక్క ఉన్నది. మా వంతు వచ్చిన తరువాత లోపల అడుగు పెట్టినాము. తక్కువ ఎత్తు కప్పు, మసక వెలుతురు, పాత బల్లలు, ఒక గోడగడియారం, నల్లని పొయ్యి. మా అబ్బాయి నాలుగు మూలలా వెదకి, నా చేయి పట్టుకొని, “నాన్నా, కుందేలు ఏదీ?” అని అడిగినాడు.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నేను సరిగా సమాధానం చెప్పలేకపోయినాను. తోటలో ఉంటుందేమో చూద్దామని తప్పించుకొన్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. బొమ్మలు కనబడే చోటు ఒకటి ఉండగా, బొమ్మ ఒక్కటీ కనబడని ఈ రాతియింటిని చూడటానికి దేశదేశాలనుంచి జనం ఎందుకు వస్తున్నారు? ఈ యింటిలో ఉన్నదేమిటి? దీనికి సమాధానం చెప్పాలంటే ఒక స్త్రీ జీవితాన్ని మొదటినుంచి చెప్పవలసి ఉంటుంది.

ఆమె పేరు బియాట్రిక్స్ పాటర్. 1866వ సంవత్సరం జూలై 28వ తేదీన లండనులో పుట్టింది. తల్లిదండ్రులిద్దరివీ లాంకషైరు పత్తి వ్యాపారంలో గడించిన కుటుంబాలు. తాతగారైన ఎడ్మండ్ పాటరుకు డింటింగ్ వేల్ అనే చోట బట్టల మీద అద్దకం వేసే పెద్ద కర్మాగారం ఉండేది. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగవలె. ఇంగ్లీషువారు ఆ అద్దకం బట్టలను మొదట ఎరిగినది మన దేశపు సరుకు వల్లనే. మచిలీపట్నం మొదలైన కోరమాండల్ రేవులనుంచి ఓడలమీద వెళ్లిన రంగు బట్టలంటే పదిహేడవ శతాబ్దిలో ఆ దేశపు స్త్రీలకు ఎంతో మోజు. అక్కడి నేతగాండ్రు మొర పెట్టుకోగా, పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో ఆ దిగుమతులను అరికట్టుతూ రెండు చట్టాలు చేసినారు. పిమ్మట అదే విద్యను యంత్రాలకు నేర్పి లాంకషైరువారు కోటీశ్వరులైనారు. కుందేలు కథ వెనుక ఉన్న సిరిసంపదలలో మన అద్దకపువారి చేతి పనితనం ఛాయ కొంత ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

ఆ సంపన్న గృహంలో ఆ బాలిక బడికి పోలేదు. ఉపాధ్యాయినులు ఇంటికే వచ్చి చదువు చెప్పేవారు. ఈడు పిల్లలతో ఆటలు లేవు. తనకంటె ఆరేళ్లు చిన్నవాడైన తమ్ముడొక్కడే తోడు. ఇద్దరూ కలిసి కుందేళ్లను, ఎలుకలను, గబ్బిలాలను, ముళ్లపందిని పై అంతస్తు గదిలో పెంచేవారు. వాటి నడకను, చూపును, వెంట్రుకల తీరును గమనించి ఆమె గీయని రోజు లేదు. పదునాలుగు పదిహేనేండ్ల వయసులో తాను కల్పించుకొన్న రహస్యలిపిలో దినచర్య వ్రాయనారంభించి ముప్పయ్యవ యేటివరకు సాగించింది. ఆమె గతించిన తరువాత గాని ఆ కాగితాలు బయటపడలేదు. లెస్లీ లిండర్ అనే ఆయన ఏళ్లతరబడి వాటితో కుస్తీ పట్టి, 1958లో ఒకనాడు ఒక పుటలో 1793 అనే సంవత్సరాన్ని, పదహారు అనే రోమను అంకెను చూచి, ఇది పదహారవ లూయీ రాజు శిరచ్ఛేదం ప్రస్తావన కావచ్చునని ఊహించినాడు. ఆ ఊహతో తాళం వీడినది. 1966లో, ఆమె పుట్టిన నూరేండ్లకు, ఆ దినచర్య అచ్చయినది. అందులో మహా రహస్యాలేమీ లేవు. చూచిన చిత్రాలు, విన్న మాటలు, పెంచిన ప్రాణులు, ఇవే. చెప్పుకోదగిన రహస్యం లేని పిల్ల కూడా తన మాట తనకే దక్కాలని లిపి కల్పించుకొన్నదంటే, ఆ యింటిలో ఆమెకు ఎంత చోటున్నదో ఊహించుకోవచ్చును.

యౌవనంలో ఆమె మనసు పుట్టగొడుగుల మీదికి మళ్లింది. వందలకొద్దీ పుట్టగొడుగులను సూక్ష్మదర్శినితో పరీక్షించి చిత్రించింది. వాటి బీజాలు ఎట్లా మొలకెత్తుతవో స్వయంగా ప్రయోగాలు చేసి ఒక పత్రం వ్రాసింది. 1897 ఏప్రిల్ 1వ తేదీన లండనులోని లినేయన్ సంఘం సభలో ఆ పత్రం ప్రవేశపెట్టబడింది. ఐతే ఆ సభకు స్త్రీలు పోరాదు. క్యూ ఉద్యానానికి చెందిన జార్జి మాసీ అనే శాస్త్రజ్ఞుడు ఆమె పక్షాన దానిని సమర్పించినాడు. తరువాత ఆమె దానిని వెనుకకు తీసుకొన్నది. అది అచ్చు కాలేదు. సరిగా నూరేండ్లకు, 1997లో, తమవారు ఆమె పట్ల న్యాయంగా నడుచుకోలేదని ఆ సంఘమే ఒప్పుకొన్నది. ఆమె గీసిన పుట్టగొడుగుల చిత్రాలు కొన్ని 1967లో ఒక శాస్త్రగ్రంథానికి అలంకారమైనవి. శాస్త్రం తలుపు మూసింది కాబట్టి కథల కిటికీ తెరచుకొన్నదని కొందరు అంటారు. నిజానికి కథ అంతకు ముందే మొదలైనది.

1893 సెప్టెంబరు 4వ తేదీన ఆమె స్కాట్లండులోని డంకెల్డ్ అనే ఊరిలో ఉన్నది. తనకు పూర్వం చదువు చెప్పిన ఉపాధ్యాయిని కుమారుడు నోయెల్ మూర్ అనే అయిదేళ్ల బాలుడు జబ్బు పడి మంచాన ఉన్నాడు. వానికి ఏమి వ్రాయాలో తోచక, నాలుగు కుందేలు పిల్లల కథను బొమ్మలతో సహా ఉత్తరంగా వ్రాసి పంపింది. తండ్రి కుందేలు తోటమాలి దంపతుల భోజనపు బల్లకెక్కినాడని తల్లి హెచ్చరించినా వినక, కొంటెవాడైన పీటర్ ఆ తోటలోనే దూరి, చావు తప్పించుకొని యిల్లు చేరటం కథ. ఆ బాలుడు ఉత్తరాన్ని భద్రంగా దాచుకొన్నాడు. కొన్నేండ్ల తరువాత ఆమె దానిని అరువు తెచ్చుకొని పుస్తకంగా పెంచి ప్రకాశకులకు పంపింది. ఎవరూ వేయలేదు. వారికి పెద్ద పుస్తకం కావలె. ఆమెకు చిన్నపిల్లల చేతిలో ఇమిడే పుస్తకం కావలె. తన పట్టు విడువక 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించింది. అప్పుడు ఫ్రెడరిక్ వార్న్ సంస్థవారు మనసు మార్చుకొని, బొమ్మలకు రంగులు వేసి యిస్తే ప్రచురిస్తామన్నారు. 1902 అక్టోబరులో పుస్తకం వెలువడింది. వెల ఒక్క షిల్లింగు. ఆ యేడు ముగిసేలోగా 28,000 ప్రతులు అచ్చయినవి. నాటినుంచి నేటివరకు ఆ ఒక్క పుస్తకమే నాలుగు కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయింది.

ఆమెకు వ్యవహార జ్ఞానం గూడా మెండు. 1903లోనే పీటరు గుడ్డబొమ్మను తానే కుట్టి, దాని నమూనాను ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయించింది. పుస్తకంలోని పాత్ర అంగడి సరుకు కావటానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. అమెరికాలో హక్కులు నమోదు చేయటంలో ప్రకాశకులు ఏమరినందువల్ల అక్కడ దొంగ ప్రతులు విచ్చలవిడిగా వెలువడినవి. ఆ నష్టం ఆమె మరచిపోలేదు.

ఇక హిల్ టాప్ సంగతి. ఆ ప్రకాశకుల కుటుంబంలో చిన్నవాడు నార్మన్ వార్న్. పుస్తకాల పనిమీద ఇద్దరి మధ్య దాదాపు రోజూ ఉత్తరాలు నడిచేవి. 1905 జూలైలో ఆయన పెండ్లాడగలనని ఉత్తరం వ్రాసినాడు. ఆమెకు అప్పటికి ముప్పది తొమ్మిదో యేడు వస్తున్నది. అచ్చు వ్యాపారం చేసుకొనేవానితో వియ్యం తమ అంతస్తుకు తగదని తల్లిదండ్రులు అడ్డు చెప్పినారు. బట్టల వ్యాపారంతో గడించినవారికి పుస్తకాల వ్యాపారం తక్కువగా కనబడటం లోకపు వింత. ఐనా ఆమె అతడిచ్చిన ఉంగరం ధరించింది. నెల తిరిగిందో లేదో, ఆగస్టు 25వ తేదీన, రక్తసంబంధమైన వ్యాధితో నార్మన్ వార్న్ మరణించినాడు. ఆయనకు ముప్పది యేడేండ్లు.

ఆ సంవత్సరమే ఆమె పుస్తకాల రాబడికి పినతల్లి విడిచిన కొద్దిపాటి సొమ్మును చేర్చి, నియర్ సారీలో 34 ఎకరాల హిల్ టాప్ కమతాన్ని కొన్నది. దుఃఖంలో ఉన్నవారు తీర్థయాత్రకు పోవటం మనమెరిగినదే. ఆమె భూమి కొన్నది. తల్లిదండ్రులను చూచుకోవలసిన కుమార్తె కనుక అక్కడే కాపురముండటానికి వీలు లేదు. సేద్యం చూచుకొనే కుటుంబాన్ని అక్కడే ఉండనిచ్చి, వారికోసం ఇంటికి కొత్త భాగం కట్టించి, పాత భాగాన్ని తనకోసం అట్టిపెట్టుకొన్నది. వీలు చిక్కినప్పుడల్లా లండనునుంచి వచ్చి నాలుగు రోజులుండి పోయేది. ఆ నాలుగేసి రోజులలోనే ఆమె ఉత్తమ కథలు పుట్టినవి.

ఆ కథలలో ఆ యిల్లు అట్లాగే కనబడుతుంది. 1907 నాటి టామ్ కిటెన్ కథలోని తోటబాట ఈ యింటి వాకిలికి పోయే బాటే. 1908 నాటి జెమీమా బాతు కథలోని పశువుల చావడి, రూబార్బ్ అనే ఆకుమొక్కల మడి, పొరుగున ఉన్న టవర్ బ్యాంక్ ఆర్మ్స్ సత్రం, అన్నీ ఈ పల్లెలోనివే. కొన్న కొత్తలో ఈ యింటిలో ఎలుకల బాధ యింతా అంతా కాదు. ఆ బాధే సామ్యూల్ విస్కర్స్ అనే ఎలుక కథ అయినది. మెట్ల మలుపు, వంటింటి బీరువా, పొయ్యి, ఆ పుస్తకంలో ఎట్లా ఉన్నవో నేటికీ అట్లాగే ఉన్నవి. గదులలో పుస్తకాన్ని ఆయా పుటల వద్ద తెరచి పెట్టినారు. మా పదేళ్ల అమ్మాయి పుటను చూచి, తలయెత్తి మెట్లను చూచి, మళ్లీ పుటను చూచి, నోటిమాట లేక నిలబడింది. మేడమీద ఒక బొమ్మరింటిలో బంకమన్నుతో చేసినట్లున్న చిన్న చిన్న భోజన పదార్థాలు ఉన్నవి. రెండు కొంటె ఎలుకల కథకు నమూనాగా నార్మన్ వార్న్ కొని పంపినవి అవి. ఆయన పోయిన తరువాత ముప్పది యెనిమిదేండ్లు ఆమె వాటిని భద్రపరచింది.

1909లో ఆమె ఎదురుగా ఉన్న కాసిల్ కమతాన్ని గూడా కొన్నది. ఆ కొనుగోళ్ల పత్రాలు చూచిపెట్టిన స్థానిక న్యాయవాది విలియం హీలిస్‌ను 1913 అక్టోబరులో వివాహమాడింది. తల్లిదండ్రులు ఈసారి గూడా సంతోషించలేదు. ఆమెకు నలుబది యేడేండ్లు. దంపతులు కాసిల్ కాటేజిలో కాపురం పెట్టినారు. హిల్ టాప్‌ను మాత్రం అద్దెకివ్వక, మార్చక, తన పాత వస్తువులతో అట్లాగే ఉంచి, వ్రాతకూ ఏకాంతానికీ అక్కడికి నడచి వెళ్లేది. ఊరివారికి ఆమె ఇక శ్రీమతి హీలిస్. మోటు ఉన్ని దుస్తులు, చెక్క అడుగుల జోళ్లు వేసుకొని గొర్రెల సంతలో బేరమాడే రైతు.

ఇక్కడినుంచి కథ మరొక మలుపు తిరుగుతుంది. పదహారేండ్ల వయసులో, 1882లో, కుటుంబంతో మొదటిసారి ఆ సీమకు విడిదికి వచ్చినప్పుడు ఆమెకు హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే క్రైస్తవ పురోహితుడు పరిచయమైనాడు. రైలుమార్గాలు, విలాసభవనాలు ఆ కొండలను మింగివేస్తవని ఆయన బెంగ. ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్ అనే వారితో కలిసి 1895లో ఆయన నేషనల్ ట్రస్టును స్థాపించినాడు. సుందర స్థలాలను కొని, ప్రజల పక్షాన శాశ్వతంగా కాపాడటం ఆ సంస్థ ధర్మం. ఆ మాట ఆమె మనసులో నాటుకొన్నది. విండర్‌మియర్ మీద నీటివిమానాల ప్రయోగాలు మొదలైనప్పుడు నిరసనగా పత్రికలకు వ్రాసింది. 1927లో, పంటు రేవు దాపున ఉన్న కాక్‌షాట్ పాయింట్ అనే గట్టు ఇండ్ల స్థలాల పాలు కాబోతుంటే, పీటరు బొమ్మలు యాభై తన చేతితో గీసి, ఒక్కొక్కటి ఒక గినీ వెలకు అమెరికాలోని పాఠకులకు అమ్మించి, ఆ సొమ్ము నిధికి యిచ్చింది. దొంగ ప్రతులు వేసిన దేశపు పిల్లలే ఆమె కొండకు కాపుదల కాచినారు.

1923లో ట్రౌట్‌బెక్ పార్క్ అనే పెద్ద గొర్రెల కమతం కొన్నది. 1930లో మంక్ కోనిస్టన్ అనే నాలుగు వేల యెకరాల భూములు ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోనున్నవని తెలిసి, మొత్తం తానే కొని, నేషనల్ ట్రస్టు నిధులు కూడగట్టుకొన్న వెంటనే సగభాగాన్ని కొన్న వెలకే వారికి యిచ్చివేసింది. ఇంతకూ ఆమె కాపాడదలచినది దృశ్యాన్ని మాత్రమే కాదు. ఆ కొండలమీద హెర్డ్విక్ అనే మోటు జాతి గొర్రెలున్నవి. వాటికి కంచెలు లేవు. తన మంద మేసే కొండభాగం ఏదో గొర్రెపిల్ల తల్లివెంట తిరిగి నేర్చుకొంటుంది. పెద్దదై తన పిల్లకు నేర్పుతుంది. అందుచేత కమతం చేయి మారినా మంద ఆ కొండనే ఉండవలె. మంద ఒకసారి చెదిరితే ఆ జ్ఞానం మళ్లీ కొనితెచ్చుకొనేది కాదు. ఆ జాతి క్షీణిస్తున్న రోజులలో ఆమె వాటిని పెంచి సంతలలో బహుమానాలు గెలిచింది. 1943లో హెర్డ్విక్ పెంపకందార్ల సంఘానికి అధ్యక్షురాలుగా ఎన్నికైనది. ఒక స్త్రీకి ఆ గౌరవం దక్కటం అదే మొదలు. కాని ఆ స్థానంలో కూర్చొనక ముందే 1943 డిసెంబరు 22వ తేదీన ఆమె కన్ను మూసింది.

ఆమె వీలునామా ప్రకారం 4,000 ఎకరాలకు పైబడిన భూమి, పదునాలుగు కమతాలు, గొర్రెల మందలు నేషనల్ ట్రస్టుకు చెందినవి. కొండల మందలు మేలైన హెర్డ్విక్ జాతివిగానే ఉండవలెనని ఆమె నిబంధన. హిల్ టాప్ గదులు తాను విడిచినట్లే ఉండవలెనని మరొక నిబంధన. 1945లో భర్త గతించిన తరువాత, 1946లో ఆ యిల్లు ప్రజలకు తెరచినారు. 1951లో సరస్సుల సీమ జాతీయోద్యానమైనది. 2017లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇదంతా సుఖాంతమైన కథ అని నేను అనబోను. 2001లో పశువుల గాళ్లవ్యాధి వ్యాపించినప్పుడు వేలాది హెర్డ్విక్ గొర్రెలను చంపవలసి వచ్చింది. తల్లి పిల్లకు నేర్పే ఆ కొండజ్ఞానం కొన్ని చోట్ల తెగిపోతుందేమోనని రైతులు తల్లడిల్లినారు. మరొకవైపు, తరతరాల గొర్రెల మేత వల్లనే ఆ కొండలు చెట్లు లేక బోసిపోయినవని, వాటిని మళ్లీ అడవులు కానివ్వవలెనని ప్రకృతి ప్రేమికులలో కొందరు వాదిస్తున్నారు. ఆ వాదనలోనూ బలమున్నది. జనసమ్మర్దం మరొక చిక్కు. 1971లో జపాను భాషలోనికి ఇషీ మొమోకో అనువదించిన తరువాత ఆ దేశంనుంచి గూడా అభిమానులు వేలాదిగా రాసాగినారు. సినిమాలు వచ్చినవి. ఏకాంతంకోసం కొన్న యింటిముందు జనం వరుసకట్టి నిలబడుతున్నారు. ఆమె బ్రతికి ఉంటే విసుగుకొని వెనుక గుమ్మంనుంచి పొలానికి వెళ్లిపోయేదేమో. కాని ఆ జనం కొన్న షిల్లింగు పుస్తకాలే ఆ పొలాన్ని కొన్నవని గూడా ఆమె ఎరుగును.

సాయంకాలం తోటలోనుంచి వెలుపలికి వచ్చినాము. మా అబ్బాయి ముఖం యింకా చిన్నబోయే ఉన్నది. వానిని ఎత్తుకొని రాతిగోడ ఆవల ఉన్న కొండను చూపించినాను. బూడిదరంగు గొర్రె ఒకటి, దాని వెనుక నల్లని పిల్ల ఒకటి, ఎవరూ తోలకుండానే, ఎరిగిన దారినే పైకి పోతున్నవి. “కుందేలు ఇక్కడ లేదురా. అది తన డబ్బులన్నీ ఖర్చు పెట్టి ఆ కొండ కొన్నది” అన్నాను. వాడు కొంతసేపు కొండను చూచి, “ఎవరికోసం?” అని అడిగినాడు.

గొర్రెకోసమని అనబోయినాను. మా అమ్మాయి అందుకొని, “చూడటానికి వచ్చేవాళ్లకోసం” అన్నది. పంటు మీద తిరుగు ప్రయాణంలో, కాక్‌షాట్ గట్టు ఇండ్లు లేక పచ్చగా మా పక్కనుంచి సాగిపోతుంటే, ఇద్దరి సమాధానమూ ఒకటేనని నాకు తోచింది.